నీళ్ల గిన్నెలో జిగురు, చుట్టూ చీమలు

ప్రశ్న: మాది చెన్నై, వేళచ్చేరి. మా కుక్క బరువు 18 కిలోలు. దాని నీళ్ల గిన్నె బాల్కనీలో ఉంటుంది. రోజూ నీళ్లు మారుస్తున్నా అడుగు జిగటగా ఉంటోంది, చీమలు పడుతున్నాయి. కుక్కతో సహా ఊరెళ్లి నాలుగు రోజులకు వచ్చేసరికి నీళ్లలో సన్నటి పురుగులు! నీళ్లలో మందేమైనా కలపొచ్చా?

జవాబు: తాగే నీళ్లలో ఏ మందూ కలపకండి. మీరు నీళ్లు మారుస్తున్నారు, గిన్నె తోమడం లేదు. తేడా అక్కడే వస్తోంది. కుక్క చొంగ, తిండి రేణువుల మీద బ్యాక్టీరియా పెరిగి పొరలా అంటుకుంటుంది. అదే ఆ జిగురు. తొలిపితే పోదు, రుద్దాల్సిందే. రోజుకోసారి గిన్నెలు తోమే సబ్బుతో అడుగు, అంచు కింది మడత రుద్ది, నురగ పోయేదాకా కడగండి. రెండు స్టీలు గిన్నెలు పెట్టుకుంటే ఒకటి వాడుతుంటే ఇంకొకటి ఆరుతుంది. ప్లాస్టిక్ గిన్నె వద్దు, గీతల్లో పాచి దాక్కుంటుంది.

వారానికోసారి, సబ్బుతో తోమాక, లీటరు నీళ్లలో 30 మిల్లీలీటర్ల వాసన కలపని బ్లీచ్ వేసి గిన్నెను 10 నిమిషాలు నానబెట్టండి. ముందు తోమకపోతే మురికే బ్లీచ్‌ను తినేస్తుంది. తర్వాత వాసన పోయేదాకా కడిగి ఎండలో ఆరబెట్టండి. బోరు నీళ్ల తెల్లమరకలకు వెనిగర్ పనిచేస్తుంది కానీ వేరే రోజు వాడండి. బ్లీచ్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది.

ఆ పురుగులు దోమ పిల్లలు. డెంగీని మోసే ఏడీస్ దోమ నీటిమట్టానికి కాస్త పైన, గిన్నె గోడకు గుడ్లు అంటిస్తుంది. అవి ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి, నీళ్లు తగిలితే పొదుగుతాయి. అందుకే పారబోసి మళ్లీ నింపితే చాలదు, గోడలు రుద్దాలి. ఊరెళ్లేటప్పుడు గిన్నె కడిగి బోర్లించి వెళ్లండి.

చీమలకు కందకమే మేలు. వెడల్పు పళ్లెంలో చిన్న గిన్నె బోర్లించి, దానిమీద నీళ్ల గిన్నె కదలకుండా పెట్టండి. పళ్లెంలో వేలు లోతు నీళ్లు పోసి రెండు చుక్కల సబ్బు వేయండి. సబ్బు ఉంటే నీటి పైపొర బలహీనపడి చీమ మునిగిపోతుంది. కుక్క మూతి ఆ పళ్లేనికి అందకూడదు. నీళ్ల గిన్నె గోడకు తగిలినా, ఆకో వెంట్రుకో అడ్డంగా పడినా చీమలకు వంతెన దొరికినట్టే. ఈ నీళ్లూ రోజూ మార్చాలి, లేకపోతే దోమలు అక్కడ చేరతాయి. చీమల చాక్‌పీసు మాత్రం గీయకండి. కుక్క పాదాలకంటి నోట్లోకి పోతుంది. ఇంట్లో పిల్లి ఉంటే చాక్‌పీసులోని పైరెథ్రాయిడ్ అనే పురుగుల మందు మరీ ప్రమాదం.

రాత్రి గిన్నె ఇంట్లోకి తెచ్చుకోండి. ఎలుక మూత్రం పడితే కుక్కకు లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు రావచ్చు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఆ భయం ఎక్కువ. దానికి టీకా ఉంది, ఏటా వేయించాలి.

మీ కుక్కకు రోజుకు సుమారు లీటరు నీళ్లు కావాలి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఒకేసారి నింపకుండా రెండు మూడు సార్లు పోయండి.

ప్రశ్న: మేడ మీద పిట్టలకు మట్టి మూకుడులో నీళ్లు పెడుతున్నాం. దాన్నీ సబ్బుతో తోమాలా?

జవాబు: వద్దు, మట్టి సబ్బును పీల్చుకుంటుంది. రోజూ నీళ్లు మార్చి, రెండు మూడు రోజులకోసారి గట్టి బ్రష్‌తో లోపలి గోడలు రుద్ది, మరిగే నీళ్లు పోసి పారబోయండి. పూర్తిగా చల్లారాకే మళ్లీ నింపండి.