అర కిలోమీటరు దూరం సరిపోదు

ప్రశ్న: సముద్రతీరంలో కడుతున్న ఒక రిసార్టుకు సైట్ ఇంజనీరుని. మా సైటు ఒడ్డుకు అర కిలోమీటరు ఇవతలే ఉంది. మురుగు చుక్క కూడా సముద్రంలోకి వదలం. అయినా పగడపు దిబ్బలు పోతాయని గొడవ చేస్తున్నారు. ఇందులో నిజమెంత?
- పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: మురుగు సంగతి సరే, మట్టి సంగతేంటి? ఎంత నేల చదును చేశారు, వానలెప్పుడు మొదలవుతాయి? నేనైతే ముందు ఈ రెండే అడుగుతాను.

పగడం రాయి కాదు, జంతువు. దాని ఒంట్లో కాపురముండే సూక్ష్మ శైవలాలు ఎండతో తయారుచేసే ఆహారమే దానికి ముఖ్యమైన తిండి. నీళ్లు బురదైతే ఆ తిండికి గండి పడుతుంది. మీద పడ్డ మట్టిని వదిలించుకోవడం మరో పాటు. ఒకసారి మా ల్యాబు తొట్టిలో పగడం మీద చిటికెడు మెత్తటి ఒండ్రు వేసి భూతద్దంతో చూశాను. మీసాల్లాంటి తంతువులన్నీ లోపలికి ముడుచుకున్నాయి. కాసేపటికి పల్చటి జిగురు ఊరింది. మట్టి అందులో ఉండలు కట్టి, మెల్లమెల్లగా జారి అడుగుకు పడింది. ఆ జిగురు కూడా దాని తిండిలోంచే రావాలి కదా! చిటికెడైతే ఫరవాలేదు, వానాకాలమంతా పడుతుంటే? పైగా పగడపు పిల్లలు గట్టి రాతిని పట్టుకునే పెరుగుతాయి. రాతి మీద బురద పేరుకుంటే వాటికి చోటుండదు.

దూరాన్ని నమ్ముకోకండి. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ అనే పెద్ద పగడపు దిబ్బల వరసలోని పగడాల్లోనూ చెట్టు మొద్దులో ఉన్నట్టే ఏటికో పొర ఉంటుంది. మట్టి రేణువులతో కొట్టుకొచ్చే బేరియం అనే లోహం ఆ పొరల్లో ఎంతుందో కొలిచారు. 1870 తర్వాత, వలస వచ్చినవాళ్ల పశువులు నేలను బోడి చేశాక, బర్డెకిన్ నది ఆ దిబ్బల దాకా మోసుకొచ్చే మట్టి అయిదు నుంచి పది రెట్లు పెరిగిందని 2003లో తేల్చారు.

మురుగు ఆపడం మంచిదే. హవాయిలోని కనియోహే అఖాతంలోకి వదిలే మురుగును 1977-78లో లోతు సముద్రానికి మళ్లించాక, పగడాలను కమ్మేసిన నాచు తగ్గింది. అయితే మీ సెప్టిక్ ట్యాంకు, లాన్ ఎరువు భూగర్భజలంతో మీ తీరంలోని పగడాల దగ్గరికే చేరొచ్చు, అదీ చూసుకోండి.

వానలకు ముందు స్థలమంతా ఒకేసారి గీకేయకండి. మడచెట్లుంటే ముట్టుకోకండి. తొలి పెద్ద వానకు కాలువ చివర గాజు సీసాతో నీళ్లు పట్టి, వెనక పేపరు పెట్టి చూడండి. అక్షరాలు కనపడకపోతే, గొడవ చేసేవాళ్లను తప్పుపట్టలేం.