తత్త్వవేత్త రాజకీయాలు మాట్లాడవచ్చా?

ప్రశ్న: నేను తత్త్వశాస్త్ర విద్యార్థిని. ఏదో ఒక పక్షం వహించగానే సత్యాన్వేషకుడి చూపు మసకబారుతుందని, అందుచేత తత్త్వవేత్త రాజకీయాలకు దూరంగా ఉండడమే మేలని మా గురువుగారు అంటారు. సోక్రటీసు కూడా అలాగే ఉన్నాడు కదా? మీ అభిప్రాయం తెలుపగలరు.

జవాబు: మీ గురువుగారి భయం ఆధారం లేనిది కాదు. 1933లో జర్మన్ తత్త్వవేత్త హైడెగర్ ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయానికి రెక్టరై (అంటే అధిపతియై), నాజీ పార్టీలో చేరి, తన తత్త్వ పరిభాషనే ఆ పాలన సేవకు అప్పగించాడు. అంత లోతైన ఆలోచనాపరుడు అలా లొంగిపోవడం తత్త్వశాస్త్రాన్ని ప్రేమించేవారిని ఇప్పటికీ బాధిస్తుంది. అయినా, దీన్నిబట్టి మౌనమే క్షేమమని తేల్చడం నాకు సమ్మతం కాదు.

సోక్రటీసు పదవుల కోసం పాకులాడలేదన్నది నిజమే. కానీ క్రీ.పూ. 406లో, ఆర్గినూసే నౌకాయుద్ధం తర్వాత సముద్రంలో చిక్కుకున్నవారిని రక్షించలేదన్న ఆరోపణపై సేనానులందరికీ కలిపి ఒకే తీర్మానంతో శిక్ష వేయాలని ఏథెన్స్ సభ పట్టుబట్టినప్పుడు, అది చట్టవిరుద్ధమంటూ అధ్యక్షవర్గంలో చివరిదాకా నిలబడింది ఆయనొక్కడే. రెండేళ్లకు ప్రజాస్వామ్యం కూలి, ముప్పైమంది నియంతల పాలన వచ్చింది. వారు ఆయననూ మరో నలుగురినీ పిలిపించి, లియోన్ అనే వ్యక్తిని చంపడానికి సలామిస్ ద్వీపం నుంచి పట్టితెమ్మన్నారు. ఆ నలుగురూ సలామిస్ దారి పట్టారు. సోక్రటీసు ఇంటిదారి పట్టాడు. సభనూ, నియంతలనూ కూడా కాదన్న మనిషి రాజకీయాలకు దూరంగా ఉన్నాడని ఎలా అనగలం?

చెక్ తత్త్వవేత్త యాన్ పతోచ్కా 1977లో, అరవై తొమ్మిదేళ్ల వయసులో, చార్టర్ 77 అనే పౌరహక్కుల ప్రకటన తరఫు ప్రతినిధుల్లో ఒకడిగా ఉండడానికి ఒప్పుకున్నాడు. ఆ పత్రం ప్రభుత్వాన్ని కూల్చమనలేదు. చెకొస్లొవేకియా ప్రభుత్వం స్వయంగా సంతకం చేసిన మానవహక్కుల ఒడంబడికలను పాటించమని మాత్రమే అడిగింది. రాసిన మాటకు అర్థం ఉందా లేదా అని అడగడం తత్త్వవేత్త రోజూ చేసే పనే. అందుకే పోలీసులు ఆయనను గంటల తరబడి విచారించారు. ఆ విచారణల తర్వాత ఆస్పత్రి పాలై మార్చి 13న మరణించాడు.

హైడెగర్ అధికారం పలికే మాటలకు తత్త్వశాస్త్రపు గౌరవాన్ని అరువిచ్చాడు. ఈ ఇద్దరూ ఆ మాటలను పరీక్షకు పెట్టారు. ప్రతి విధానంపైనా తత్త్వవేత్తకు ప్రత్యేకజ్ఞానం ఉంటుందని నేననుకోను. పన్నుల లెక్కల్లో ఆయన మాట మరొక పౌరుడి మాటకంటే బరువైనదేమీ కాదు. కానీ న్యాయం, స్వేచ్ఛ, ప్రజలు, దేశద్రోహం వంటి పదాలను ఎవరైనా తమకు అనువుగా వంచుతున్నప్పుడు, వంచేది తన పక్షమే అయినా, లేచి నిలదీయవలసిన బాధ్యత ఆయనకుంది. మీ గురువుగారిని వినయంగా ఒక్కటి అడిగి చూడండి: లియోన్‌ను పట్టితెమ్మన్న ఉత్తర్వు చేతికందినప్పుడు, రాజకీయాలకు దూరంగా ఉండడమంటే ఏ దారి పట్టడం?