వోల్టేజీ అంకెలు డివైస్ ట్రీలో రాసే ముందు

చి. బుజ్జికి,

నీ మెసేజ్ నిన్న రాత్రే చూశాను. ఫోన్లో ఇంత టైప్ చేసే ఓపిక నాకు లేదు, అందుకే తీరిగ్గా కూర్చుని ఉత్తరం రాస్తున్నా. ప్రాసెసర్ వోల్టేజీ పెంచడం, తగ్గించడం డివైస్ ట్రీలో, అంటే బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఎలా ఉందో కెర్నల్‌కి చెప్పే ఫైల్లో, రాసే పని నీకిచ్చారన్నావు. వేరే బోర్డు ఫైలు కాపీ కొట్టి అంకెలు మారిస్తే సరిపోతుందా అని అడిగావు. కాపీ కొట్టు, తప్పేం లేదు. మేమంతా అలాగే నేర్చుకున్నాం. కాకపోతే మార్చే ప్రతి అంకె దగ్గరా ఒక్క క్షణం ఆగి, ఇది ఎవరి అంకె అని అడుగు. చిప్పుదా, పీఎంఐసీదా (చిప్పుకి కరెంటు సర్దే పవర్ ఐసీ), బోర్డుదా? నేను ఇన్నేళ్ళలో చూసిన తప్పుల్లో సగానికి పైగా ఒకరి అంకె ఇంకొకరి నోడ్‌లో (ఆ ఫైల్లో ఒక్కో హార్డ్‌వేర్ భాగానికి ఉండే గడి) రాయడం వల్ల వచ్చినవే.

ముందు ఎడిటర్ మూసేసి స్కీమాటిక్ తెరువు. సీపీయూ పవర్ పిన్నుల మీద వేలు పెట్టి, అక్కణ్ణించి వెనక్కి నడువు. ఇండక్టర్ దాటి పీఎంఐసీలో ఏ కన్వర్టర్ దగ్గర తేలతావో అదే నీ సప్లై. నీ దగ్గర బీగిల్‌బోన్ బ్లాక్ ఉంది కదా, దాని మీదే చెబుతాను. అందులో ఏఎం335ఎక్స్ ప్రాసెసర్, పక్కన టీపీఎస్65217 పీఎంఐసీ. ఐ2సీ (చిప్పులు మాట్లాడుకునే రెండు వైర్ల లైను) మీద దాని అడ్రసు 0ఎక్స్24. దాని కన్వర్టర్లలో డీసీడీసీ2 సీపీయూకి, డీసీడీసీ3 కోర్‌కి, అంటే చిప్పులో మిగతా లాజిక్‌కి. డివైస్ ట్రీలో సీపీయూ0-సప్లై డీసీడీసీ2ని చూపిస్తుంది. ఇది తారుమారైతే కెర్నల్ సీపీయూ వోల్టేజీ పెంచానని అనుకుంటుంది, నిజానికి పెరిగేది పక్క రైలు, అంటే పక్క పవర్ లైను. ఎర్రర్ ఏదీ రాదు.

ఇక చిప్పు అంకెలు. ఏ ఫ్రీక్వెన్సీకి ఎంత వోల్టేజీ కావాలో చెప్పే ఓపీపీ టేబుల్ (ఒక్కో ఫ్రీక్వెన్సీ-వోల్టేజీ జత ఒక ఓపీపీ) ఎస్ఓసీ ఫైల్లో, అంటే ఆ చిప్పు వాడే బోర్డులన్నీ పంచుకునే డీటీఎస్ఐలో ఉండాలి. ఈ చిప్పుకి 300 మెగాహెర్ట్జ్ దగ్గర 0.95 వోల్టులు, 600కి 1.1, 720కి 1.2, 800కి 1.26, 1000కి 1.325. డైనమిక్ పవర్ వోల్టేజీ వర్గానికీ ఫ్రీక్వెన్సీకీ అనులోమంగా పెరుగుతుందని కాలేజీలో చదివే ఉంటావు. లెక్క వేసి చూడు: 600 నుంచి 1000కి వెళ్తే వేగం 1.67 రెట్లు, పవర్ మాత్రం దాదాపు 2.4 రెట్లు. ఇంత తతంగం అందుకే.

ఆ టేబుల్లో వోల్టేజీ రాసే ఓపీపీ-మైక్రోవోల్ట్‌లో ఒక్క అంకె కూడా రాయొచ్చు, మూడూ రాయొచ్చు: కావలసినది, కనిష్ఠం, గరిష్ఠం. కుర్రాళ్ళు ఒక్కటి రాసి వదిలేస్తారు. అలా రాస్తే ఏమవుతుందో చెప్తాను. టీపీఎస్65217 మనకు కావలసిన పరిధిలో 25 మిల్లీవోల్టుల మెట్ల మీద నడుస్తుంది. ఇంట్లో పాత ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిదే, మూడుకీ నాలుగుకీ మధ్యలో ఆగదు. 0.95, 1.1, 1.2, 1.325 సరిగ్గా మెట్ల మీదే పడతాయి. 1.26 పడదు. కింద 1.25, పైన 1.275. నువ్వు 12,60,000 మైక్రోవోల్టులు అని ఒక్కటే రాస్తే కనిష్ఠం, గరిష్ఠం కూడా అదే అని కెర్నల్ తీసుకుంటుంది. ఆ అంకె మీద మెట్టు లేదు కాబట్టి, రెగ్యులేటర్ దీన్ని ఇవ్వలేదని డీమెసేజ్‌లో, అంటే కెర్నల్ లాగ్‌లో, ఒక లైను రాసి, 800ని జాబితాలోంచి తీసేస్తుంది. మిగతావన్నీ బాగానే పనిచేస్తాయి, 800 ఒక్కటే మాయం! దాన్ని క్లాక్ సమస్య అనుకుని పీఎల్ఎల్ (క్లాక్ తయారుచేసే సర్క్యూట్) లెక్కలు తిరగేస్తూ కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు. అసలు ఫైల్లో ఇరువైపులా రెండు శాతం ఇచ్చారు: 12,34,800 నుంచి 12,85,200 దాకా. అప్పుడు రెండు మెట్లూ లోపలికి వస్తాయి. కెర్నల్ ముందు కావలసినదానికీ గరిష్ఠానికీ మధ్య వెతుకుతుంది కాబట్టి 1.275 దొరుకుతుంది.

నీకు పని ఇచ్చిన బోర్డు మీద పీఎంఐసీ వేరే కదా. దాని మెట్లు కాగితం మీద రాసుకుని, ఓపీపీ టేబుల్ పక్కన పెట్టి, ప్రతి కనిష్ఠ-గరిష్ఠ కిటికీలో కనీసం ఒక్క మెట్టయినా పడుతోందో లేదో చూడు. పావుగంట పని.

బోర్డు అంకెలు అంటే రెగ్యులేటర్ (పీఎంఐసీలోని కన్వర్టర్) నోడ్‌లోని మిన్, మ్యాక్స్ వోల్టేజీలు. ఇక్కడ నా కథ ఒకటి. మొదట్లో నేను పీఎంఐసీ డేటాషీట్ తెరిచి, ఆ కన్వర్టర్ ఎంత ఇవ్వగలదో ఆ పరిధి మొత్తం మిన్, మ్యాక్స్‌గా రాసేశాను. ఉదారంగా ఉందామని. ఒక సాయంత్రం టేబుల్లో 1.325 రాయాల్సిన చోట వేలు జారి 1.825 పడింది. కెర్నల్ ఆపడానికి కారణమే లేదు, పరిధిలోనే ఉంది కదా. ఆ ప్రాసెసర్ మళ్ళీ లేవలేదు. మిన్, మ్యాక్స్ అంటే పీఎంఐసీ సత్తా కాదు నాయనా, ఈ బోర్డు మీద ఈ వైరు చివర ఉన్నది తట్టుకోగలిగేది. సత్తా సంగతి డ్రైవర్‌కి తెలుసు. బీగిల్‌బోన్ ఫైల్లో డీసీడీసీ2కి 0.925 నుంచి 1.3515 వోల్టుల దాకానే ఉంటుంది చూడు. అలా రాసి ఉంటే నా 1.825ని బూట్ అయ్యేటప్పుడే పక్కన పడేసేది. అలాగని భయపడి మిన్, మ్యాక్స్ రెండూ ఒకటే చేసేయకు. వోల్టేజీ మార్చే అనుమతి లేదని దానర్థం.

ఈ లైను ఎప్పుడూ ఆపొద్దని చెప్పే రెగ్యులేటర్-ఆల్వేస్-ఆన్ మర్చిపోతే వచ్చే సరదా వేరు. ఆ రైలును ఎవరూ అడగకపోతే, బూట్ అయిన 30 సెకన్లకు కెర్నల్ వాడనివి ఆపేసే పనిలో దాన్నీ ఆపేస్తుంది. లాగిన్ అయి పాస్‌వర్డ్ కొట్టేలోపు బోర్డు చచ్చిపోతుంది. గడియారం చూసుకో, ప్రతిసారీ అదే సమయమైతే ఇదే.

వోల్టేజీ ఎంత వేగంగా మారుతుందో చెప్పే ర్యాంప్-డిలే కూడా రాయి. ఫ్రీక్వెన్సీ పెంచేటప్పుడు ముందు వోల్టేజీ, తర్వాత క్లాక్. తగ్గించేటప్పుడు తలకిందులు. వోల్టేజీ పైకి చేరకముందే క్లాక్ మారితే ఆ క్రమానికి అర్థం లేదు. ఓమాప్3 అనే పాత ప్రాసెసర్ పక్కన ఉండే టీడబ్ల్యూఎల్4030 పీఎంఐసీకి మైక్రోసెకనుకు 4 మిల్లీవోల్టులని కెర్నల్ కోడ్‌లో ఉండేది. అంటే 200 మిల్లీవోల్టులు ఎక్కడానికి 50 మైక్రోసెకన్లు.

ఓమాప్ పేరెత్తాను కాబట్టి చెప్తున్నా. నీ కొత్త చిప్పులో కూడా వోల్టేజీ కోసం ప్రత్యేక హార్డ్‌వేర్ ఉందన్నావు. ఓమాప్‌లో స్మార్ట్‌రిఫ్లెక్స్ అనేవారు. చిప్పు లోపలి సెన్సర్లు సిలికాన్ ఎంత చురుగ్గా ఉందో కొలుస్తాయి, వోల్టేజీ ప్రాసెసర్ దాన్ని లెక్కగా మారుస్తుంది, వోల్టేజీ కంట్రోలర్ తన సొంత ఐ2సీ మీద పీఎంఐసీతో మాట్లాడుతుంది. అప్పట్లో పీఎంఐసీ స్లేవ్ అడ్రసు, స్లూ రేటు (వోల్టేజీ మారే వేగం), మెట్టు ఎత్తు, ఎస్ఓసీ టైమౌట్లు అన్నీ ఒకే సీ స్ట్రక్చర్లో కలగాపులగంగా ఉండేవి. పీఎంఐసీ మార్చాలంటే కెర్నల్ కోడ్ మార్చాలి. దాన్ని డివైస్ ట్రీలోకి తేవాలంటే మళ్ళీ అదే ప్రశ్న. స్లూ రేటు, రిజిస్టర్ అడ్రసు పీఎంఐసీవి. కంట్రోలర్ రిజిస్టర్లు, క్లాకులు ఎస్ఓసీవి. ఏ కంట్రోలర్ ఏ పీఎంఐసీకి తగిలిందో అది బోర్డుది. ‘ఈ మోడ్ ఆన్ చెయ్యి’, ‘ఈ గవర్నర్ (ఫ్రీక్వెన్సీ ఎంచే కెర్నల్ పద్ధతి) వాడు’ లాంటివి ఎవరివీ కావు, అవి డివైస్ ట్రీలో ఉండకూడదు. రివ్యూలో మొదట పట్టుకునేది వాటినే. పైగా ఇవాళ్టి డీటీబీ (కంపైల్ చేసిన డివైస్ ట్రీ) రేపటి కెర్నల్‌తో కూడా నడవాలి, ఒకసారి వెళ్ళిన ప్రాపర్టీ వెనక్కి రాదు.

చిప్పు సంగతి చిప్పు ఫైల్లోనే అన్న నియమానికి ఒక ముచ్చటైన మినహాయింపు ఉంది. ఏ ఓపీపీ ఏ చిప్పు రివిజన్‌కి వర్తిస్తుందో ఓపీపీ-సపోర్టెడ్-హెచ్‌డబ్ల్యూ చెబుతుంది, ఆ సమాచారం చిప్పు ఈఫ్యూజుల్లో (తయారీలోనే శాశ్వతంగా రాసే బిట్లు) ఉంటుంది. ఇది చిప్పు సంగతే. కానీ మొదట్లో వచ్చిన కొన్ని బీగిల్‌బోన్ బ్లాక్‌ల మీద పీజీ 2.0 అనే రివిజన్ సిలికాన్ ఉంది. ఆ రివిజన్ చిప్పులన్నీ 1 గిగాహెర్ట్జ్ తట్టుకుంటాయని హామీ లేదు, ఈ బోర్డులకు ఎక్కించినవాటికి మాత్రం ఉంది. అందుకే ఆ ఒక్క అనుమతి బోర్డు ఫైల్లో, పైన కామెంటుతో సహా రాశారు. చదివి చూడు, కామెంట్ ఎలా రాయాలో కూడా తెలుస్తుంది.

పరీక్ష సంగతి. వోల్టేజీ తక్కువైతే బోర్డు నేరుగా ఆగిపోదు. కంపైలర్ ఊరికే క్రాష్ అవుతుంది, ఫైల్ చెక్‌సమ్ ఒకసారి తప్పుతుంది, అందరూ మెమరీని తిడతారు. కాబట్టి యూజర్‌స్పేస్ గవర్నర్ పెట్టి ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గరా ఆపి, కెర్నల్ చూపించే రెగ్యులేటర్ సమ్మరీ ఏమంటోందో చూడు, దాంతో ఆగకు. మల్టీమీటర్ పెట్టు. పీఎంఐసీ దగ్గర కాదు, ప్రాసెసర్ పక్క కెపాసిటర్ దగ్గర.

ఈ ఆదివారం నీ బీగిల్‌బోన్ మీద 800 దగ్గర ఎంత చూపించిందో నాకు రాయి. 1.275కి దగ్గరగా రాకపోతే ఫోన్ చెయ్యి, తొమ్మిది లోపు అయితే మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ