స్లడ్జ్ వయసు చూశాకే ఓజోన్ మాట

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ శుద్ధి ప్లాంటుకొచ్చే మురుగునీటిలో యాంటీబయాటిక్స్ తగ్గించే పని నీకు అప్పగించారని, వాటిని విరగ్గొట్టే ఓజోన్ వాయువు మెషీన్‌కి కొటేషన్లు కూడా తెప్పిస్తున్నావని రాశావు. కాస్త ఆగు అమ్మలూ. ముందు ఏ మందు ఎటు పోతోందో చూడు.

ఇవి లీటరుకి మైక్రోగ్రాముల్లో, అంతకన్నా తక్కువలో ఉంటాయి. బీవోడీని (మురికిని తినడానికి బ్యాక్టీరియాకి కావాల్సిన ఆక్సిజన్) మిల్లీగ్రాముల్లో చూసే కళ్లతో వీటిని చూడకు. అమాక్సిసిలిన్ గురించి పెద్దగా టెన్షన్ వద్దు, అది తేలిగ్గానే విరిగిపోతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ అలా కాదు. అవుట్‌లెట్‌లో బాగా తగ్గినట్టు కనబడుతుంది గానీ, చాలావరకు బ్యాక్టీరియా నిండిన బురదని, అదే స్లడ్జ్‌ని పట్టుకుని కూర్చుంటుంది. ఆ స్లడ్జ్ పొలానికి వెళ్తే మందూ వెళ్లినట్టే. అందుకే స్లడ్జ్‌ని కూడా పరీక్షకి పంపు.

సల్ఫామెథాక్సజోల్ అయితే నా పరువే తీసింది. ఒకసారి ఇన్‌లెట్‌లో కన్నా అవుట్‌లెట్‌లో ఎక్కువ వచ్చింది. సీసాల లేబుళ్లు తారుమారు చేశావంటూ ల్యాబ్ కుర్రాడి మీద ఎగిరాను. పాపం, మళ్లీ చేశాడు. మళ్లీ అంతే. తర్వాత తెలిసింది: మన ఒళ్లు ఈ మందులో కొంతదానికి అసిటైల్ ముక్క తగిలించి బయటికి పంపుతుంది. అసలు మందునొక్కదాన్నే వెతికితే అది లెక్కలోకి రాదు. గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులో బ్యాక్టీరియా ఆ ముక్కని ఊడబీకాక మళ్లీ పాత మందే. ఆ అసిటైల్ రూపాన్నీ కొలవమని చెప్పు. శాంపిల్ 24 గంటల కాంపోజిట్ (రోజంతా కొంచెం కొంచెంగా తీసి కలిపింది) అయితేనే నమ్ము.

స్లడ్జ్ వయసు (అది ప్లాంటులో సగటున నిలిచే రోజులు) 5, 6 రోజులే ఉంటే మెల్లగా 15 దాకా తీసుకెళ్లు. నిదానంగా పెరిగే నైట్రిఫయర్లు (అమ్మోనియాని మార్చే బ్యాక్టీరియా) నిలదొక్కుకుంటే ట్రైమెథోప్రిమ్ లాంటి మందులు ఇంకాస్త తగ్గుతాయి. తొందరపడి ఒక్కరోజులో వేస్టింగ్ (మిగులు స్లడ్జ్ తీసేయడం) ఆపేశావో, స్లడ్జ్ అడుక్కి దిగే క్లారిఫయర్ ట్యాంకు అంచు దాటి స్లడ్జ్ బయటికొస్తుంది. బ్లోయర్ల కరెంటు ఖర్చు పెరుగుతుందని పైవాళ్లకి ముందే చెప్పేయ్.

అప్పటికీ మిగిలితే ఓజోన్. అదీ క్లారిఫయర్ తర్వాతే, లేకపోతే మామూలు మురికే దాన్ని తినేస్తుంది. కరిగిన సేంద్రియ కార్బన్ గ్రాముకి 0.5 నుంచి 0.8 గ్రాముల ఓజోన్ మధ్య మొదలుపెట్టు. నైట్రైట్ ఉంటే అదీ వాటా అడుగుతుంది. వెనకాల ఇసుక ఫిల్టర్ తప్పదు, విరిగిన ముక్కల్లో కొన్నిటిని అక్కడి బ్యాక్టీరియా చూసుకుంటాయి. నీళ్లలో బ్రోమైడ్ ఎక్కువుంటే మాత్రం బ్రోమేట్ అనే హానికరమైన పదార్థం పుడుతుంది, అప్పుడు మందుల్ని పట్టి ఉంచే యాక్టివేటెడ్ కార్బనే మేలు.

కొటేషన్లు పక్కన పెట్టి, మీ స్లడ్జ్ వయసు లెక్క, ఒక వారం నైట్రైట్ అంకెలు నాకు పంపు.

మామయ్య