రాత్రిపూట భయం వేస్తే విశ్వాసం లేనట్టేనా?

వందనాలు సిస్టర్. మీ ఆయన పని కోసం పుణె వెళ్లినప్పటి నుంచి రాత్రిళ్లు గుండె దడగా ఉంటోందనీ, ఎంత ప్రార్థన చేసినా భయం పోవడం లేదనీ, అంటే నాకు విశ్వాసం లేనట్టేనా అనీ మహబూబ్‌నగర్ నుంచి అడిగారు. డాక్టర్ ఇచ్చిన మాత్రలు వాడుతూ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో కూర్చోవచ్చా అని కూడా అడిగారు. నేను వాక్యం చెప్పేదాన్ని కాదు. మిర్యాలగూడలో ఉంటాం, మా ఆయన లారీ డ్రైవర్. నా మీదుగా పోయిన సంగతి కాబట్టి రాస్తున్నా.

విశ్వాసం లేనట్టు కాదు. ముందు ఆ బరువు దించేయండి.

మా వీధిలోనే ఇంకో డ్రైవర్ ఉండేవాడు, మా సంఘం మనిషే. అద్దంకి - నార్కట్‌పల్లి రోడ్డు మీద యాక్సిడెంట్‌లో పోయాడు. ఇక అప్పటి నుంచి మా ఆయన బియ్యం లోడుతో హైదరాబాద్ బయల్దేరితే చాలు, నాకు కడుపులో తిప్పేది. నల్గొండ దాటాడా? పంతంగి టోల్‌గేట్ దగ్గర ఆగి ఫోన్ చేస్తానన్నాడే, ఇంకా చేయలేదేంటి? ఛార్జింగ్ అయిపోయి ఫోన్ స్విచాఫ్ వచ్చినా నేను అప్పటికే ఏడుపు మొదలుపెట్టేదాన్ని. పిల్లలు లేచి నా మొహం చూసి వాళ్లూ బిక్కమొహం వేసేవాళ్లు.

సంఘంలో తలా ఒక మాట అన్నారు. పిరికి ఆత్మ పట్టింది, నూనె రాయించుకోమన్నారు ఒకరు. పోనీలే అనుకున్నా. దేవుణ్ణి నమ్మినవాళ్లకు ఏ కీడూ రాదు, నువ్వు సరిగ్గా నమ్మట్లేదు అన్నారు ఇంకొకరు. ఇది మాత్రం నాకు మింగుడు పడలేదు. పోయిన డ్రైవర్ భార్య మా అందరికంటే ఎక్కువ ప్రార్థన చేసే మనిషి. ఆమె ఎదురుగా ఈ మాట అనగలరా?

ఆ అక్క దగ్గరే నాకు జవాబు దొరికింది. స్త్రీల సమాజం కూడికలో ఒకసారి బైబిల్లోని దానియేలు గ్రంథం 3వ అధ్యాయం చదవడం ఆమె వంతు వచ్చింది. బంగారు ప్రతిమకు మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానని నెబుకద్నెజరు రాజు ముగ్గురు యూదులను బెదిరిస్తాడు కదా. షద్రకు, మేషాకు, అబేద్నెగో ఏమన్నారు? మా దేవుడు మమ్మల్ని రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా మేం మొక్కం అన్నారు. అక్క ఆ 'రక్షించకపోయినా' దగ్గర ఆగిపోయింది. కాసేపటికి, "నేనిప్పుడు ఈ మాట దగ్గరే బతుకుతున్నా" అంది. మళ్లీ చదవడం మొదలుపెట్టింది. ప్రసంగం ఏమీ చేయలేదు.

ఆ తర్వాత నా ప్రార్థన మారింది. అంతకుముందు 'ఏమీ కాకూడదు ప్రభువా' అని తెల్లవార్లూ అదే మాట అనేదాన్ని. అది దేవుడి దగ్గర గ్యారంటీ కార్డు అడగడం లాంటిది, అది దొరకదు కాబట్టి మనసు నిలవదు. ఇప్పుడు భయాన్ని ఉన్నదున్నట్టు చెప్తా. 'యాక్సిడెంట్ అవుతుందేమోనని భయంగా ఉంది. అదే జరిగితే పిల్లల ఫీజులు, ఇంటి అద్దె ఎట్లనో తెలియదు. ఆ రోజు వచ్చినా నువ్వు నన్ను వదలవని నమ్ముతున్నా.' మొదట్లో ఇది పైకి అనడానికే చెమటలు పట్టేవి. కానీ అన్నాక పడుకోగలిగేదాన్ని. భయం మొత్తం పోయిందా అంటే పోలేదు. వస్తుంది, కాసేపుంటుంది, పోతుంది.

దావీదును చూడండి. 56వ కీర్తనలో "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అంటాడు. భయమే లేదని అనలేదు. శత్రువులైన ఫిలిష్తీయులు గాతు అనే తమ ఊళ్లో అతణ్ణి పట్టుకున్నప్పటి కీర్తన అని దాని పైనే రాసి ఉంటుంది. అదే గాతులో ఆకీషు రాజుకు భయపడి, తలుపుల మీద గీతలు గీస్తూ గడ్డం మీద చొంగ కార్చుకుంటూ పిచ్చివాడిలా నటించాడని 1 సమూయేలు 21లో ఉంది. దావీదుకు లేని సిగ్గు మనకెందుకు?

ఇంకో మాట. దడ వస్తోందంటే అంతా ఆత్మీయ విషయమే అనుకోవద్దు. థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడ, చేతుల వణుకు, నిద్రలేమి వస్తాయి. ఆ పరీక్ష చేయకపోతే ఒకసారి మీ డాక్టర్‌ను అడగండి. రాత్రిపూట మరీ తట్టుకోలేకపోతే 14416కు ఫోన్ చేయండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ అది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ సంఘంలో నోరు జారని ఒక అక్కను చూసుకుని ఆమెకు కూడా చెప్పి ఉంచండి. పట్టుబడే ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువే తన శిష్యులను నాతో మెలకువగా ఉండమని అడిగాడు. వాళ్లు నిద్రపోయారనుకోండి, అది వేరే సంగతి.

ఇక ఉపవాసం సంగతి. చంపుతానన్న యెజెబెలు రాణికి భయపడి పారిపోయిన ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకుని చావే మేలనుకున్నప్పుడు దేవదూత వచ్చి అతణ్ణి తిట్టలేదు, ఉపవాసం ఉండమనలేదు. లేచి తినమన్నాడు. కాల్చిన రొట్టె, నీళ్లు అక్కడే ఉన్నాయి. తిని మళ్లీ పడుకుంటే రెండోసారి కూడా లేపి తినమన్నాడు. మీ మాత్రలు తిన్నాక వేసుకునేవైతే శుభ్రంగా తిని, వేసుకుని, వెళ్లి అందరితో పాటు కూర్చోండి. డాక్టర్‌ను అడగకుండా మాత్రలు మాత్రం ఆపొద్దు. పాస్టర్ గారికి ముందే ఒక మాట చెప్పి పెట్టండి, ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే ఆయనే చూసుకుంటారు.