వాటర్ బాటిల్ నిండుగానే తిరిగొస్తోంది

ప్రశ్న: మా పాపకు నాలుగున్నరేళ్లు. జూన్‌లో ఎల్‌కేజీలో చేర్చాం. వ్యాను 7:45కి వస్తుంది. ఆరున్నర నుంచి లేపుతుంటే ఏడుకి లేస్తుంది, లేస్తూనే ఏడుపు. పాలు బలవంతంగా తాగిస్తే వాంతి. కడుపు నొప్పి అంటుంది. బాక్సులో అన్నం, బాటిల్లో నీళ్లు అలాగే తిరిగొస్తాయి. ఇంటికి రాగానే బాత్రూమ్‌కి పరుగెడుతుంది. తర్వాత నిద్రపోయి సాయంత్రం ఆరున్నరకు లేస్తుంది, ఇక రాత్రి పదకొండైనా పడుకోదు. మావారు పదింటికి వస్తారు, పాపతో ఆడుకునేది అప్పుడే. అత్తయ్య ఫోన్ చూపిస్తూ అన్నం తినిపిస్తారు. నేనూ ఆఫీసుకి వెళ్లాలి. మొన్న ఆ టెన్షన్‌లో పాపను కొట్టాను. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చాను.
- ఒక తల్లి, విజయవాడ

జవాబు: మొన్న జరిగినదానికి పాపను దగ్గరకు తీసుకుని, ‘అమ్మ కొట్టకూడదు, తప్పు చేసింది’ అని చెప్పండి. ఆ వయసు పిల్లలకు అది బాగానే అర్థమవుతుంది.

కడుపు నొప్పి, నిండుగా తిరిగొచ్చే బాటిల్, రాగానే బాత్రూమ్‌కి పరుగు... మీరు వీటిని విడివిడిగా రాశారు. నాకు మాత్రం మూడూ ఒకటే అనిపిస్తోంది. స్కూల్లో బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని పాప నీళ్లే తాగడం లేదేమో. చిన్న పిల్లల్లో ఇది చాలా మామూలు. ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ అలవాటై, స్కూల్లో నేల మీద కూర్చునే టాయిలెట్ ఉంటే పడిపోతానని భయపడతారు. కొందరికి వాసన పడదు. కొందరికి లెగ్గింగ్ కిందికి లాగడం రాదు, టీచర్‌ను ఎలా అడగాలో తెలియదు. అలా ఆపుకుంటే మలం గట్టిపడుతుంది, వెళ్లినప్పుడు నొప్పి పుడుతుంది, ఆ నొప్పికి భయపడి ఇంకా ఆపుకుంటారు. ఆకలి కూడా మందగిస్తుంది.

కాబట్టి ఒకరోజు గంట ఆలస్యంగా వస్తానని ఆఫీసులో చెప్పి, పాపతో కలిసి స్కూల్‌కి వెళ్లండి. ఆ టాయిలెట్ మీరే చూడండి. ఆయమ్మను పరిచయం చేసి, పేరు పెట్టి పిలవడం పాపకు నేర్పండి. ‘టీచర్, బాత్రూమ్ వస్తోంది’ అన్న మాటను ఇంట్లో టీచరాటలో నాలుగుసార్లు అనిపించండి. అక్కడ ఎవరైనా తిట్టారా, భయపెట్టారా అన్నది కూడా స్నానం చేయిస్తూ మెల్లగా అడగండి, నిలదీయకండి.

ఇంట్లో ఉదయం టిఫిన్ తిన్న తర్వాత ఐదు నిమిషాలు కమోడ్ మీద కూర్చోబెట్టండి, పాదాల కింద చిన్న పీట వేయండి. తిన్నాక పేగుల్లో కదలిక వస్తుంది, అప్పుడు సులువవుతుంది. రాకపోయినా ఏమీ అనకుండా లేపేయండి. మూత్రంలో మంట, మలంలో రక్తం, జ్వరం ఉన్నా, నొప్పి వారం దాటినా పిల్లల డాక్టర్‌కు చూపించండి.

ఇక నిద్ర. ఈ వయసు పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మీ పాప రాత్రి ఎనిమిది గంటలే పడుకుని, మిగతాది సాయంత్రం తీర్చుకుంటోంది. అందుకే పదకొండైనా నిద్ర రాదు. సాయంత్రం ముప్పావు గంటకు మించి పడుకోనివ్వకండి, ఐదింటికల్లా లేపేయండి. మొదటి నాలుగు రోజులు చిరాకు పడుతుంది, ఓర్చుకోండి. రాత్రి పడుకునే వేళను రెండు మూడు రోజులకోసారి పావుగంట ముందుకు జరుపుతూ తొమ్మిదికి తీసుకురండి.

ఇందులో కష్టమైన భాగం మీవారిది. రోజంతా పని చేసి వచ్చిన మనిషిని బిడ్డతో ఆడుకోవద్దనడం సరికాదు. ఆ సమయాన్ని ఉదయానికి మార్చమని అడగండి. పాపను లేపడం, పళ్లు తోమించడం, వ్యాను ఎక్కించడం ఆయనకు వదిలేయండి. పాపకు నాన్న దొరుకుతాడు, మీకు ఊపిరి ఆడుతుంది. బఠాణీ గింజంత పేస్టు చాలని, రాత్రి పడుకునే ముందు కూడా తోమించాలని ఆయనకు చెప్పండి.

లేవగానే గ్లాసు నిండా పాలు వద్దు. ముందు ఒక ఇడ్లీయో చిన్న దోసెయో పెట్టండి. పాలు సాయంత్రం ఇవ్వొచ్చు.

బాక్సు విషయంలో మీ అత్తయ్య గారిని తప్పు పట్టకండి. ఆవిడ ప్రేమతోనే తినిపిస్తున్నారు. కానీ ఫోన్ చూస్తూ నోరు తెరవడం అలవాటైన పిల్లకు, స్కూల్లో ఎదురుగా అన్నం ఉన్నా ఎలా తినాలో తెలియదు. రాత్రి భోజనం అదే బాక్సులో పెట్టి, మూత పాపతోనే తీయించండి. కింద పోసుకుంటుంది, పోసుకోనివ్వండి. స్కూల్‌కి పప్పన్నం చిన్న ముద్దలుగా చేసి పెట్టండి, చేత్తో తీసుకుని తినడం తేలిక. ఫోన్ బదులు కథ చెప్పమని అత్తయ్య గారిని అడగండి. ‘మీరు చెబితేనే పడుకుంటుందత్తయ్యా’ అంటే ఆవిడ కాదనరు.

ఇవన్నీ ఒకే వారంలో మొదలుపెట్టకండి. ముందు స్కూల్‌కి వెళ్లి ఆ బాత్రూమ్ చూసి రండి.