పై తీగ ఇవాళే మార్చు

అమ్మడూ,

గుడ్ ఫ్రైడే నాడు సెయింట్ మాథ్యూ ప్యాషన్‌కి, అదే ఏసు శ్రమల మీద బాఖ్ కట్టిన ఆ పెద్ద గానానికి, గాంబా నువ్వే వాయిస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కాళ్ల మధ్య నిలిపి కమానుతో వాయించే ఆ పాతకాలపు వాద్యం నీ చేతిలో! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మమ్మ బొబ్బిలి వీణ మీద సరళీ స్వరాలు నేర్చిన చేతులు బాఖ్ దాకా వచ్చాయి కదా!

మామూలు విషయాలు నీకు తెలిసినవే. శ్రుతి పాతకాలపు 415 హెర్ట్జ్‌కా, ఇప్పటి 440కా ముందే అడుగు. చర్చిలో చలి ఉంటుంది, వేళ్లు బిగుసుకోకుండా చూసుకో.

అమ్మ పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. కమాను పట్టు ముచ్చటగా ఉంది. అరచెయ్యి పైకి, మధ్యవేలు వెంట్రుకల మీద, తోసే కమానులోనే బలం. వయొలిన్ అలవాటు పూర్తిగా వదిలావు. కానీ పై తీగ కూడా చూశాను. రెండో మెట్టు దగ్గర పోగులు విడి సన్నగా నూగు లేచింది. అది నీకు కనబడలేదా, డబ్బులకి చూసుకుంటున్నావా?

నేనూ అలాగే చూసుకున్నాను. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సంగీతం చదువు అయిన మరుసటి ఏడాది, ఇదే ప్యాషన్. నూగు లేచిన తీగని మూడు వారాలు లాగి, చివరికి కచేరీ రోజు మధ్యాహ్నం మార్చాను. గొర్రె పేగుతో చేసిన కొత్త తీగ కుదురుకోవడానికి రోజులు పడుతుంది. పైగా చర్చి నిండా జనం, వాళ్ల ఊపిరి తేమ. ఏకంగా 57వ భాగం దాకా ఆగాలి, అప్పుడు గానీ గాంబా ముందుండి వాయించే పాట 'కొమ్, జ్యూసెస్ క్రాయ్ట్స్' ('రా, తియ్యని సిలువా') రాదు. సిలువ మోసేవాడి బరువైన అడుగుల్లా ఎగుడుదిగుడు లయ, ఒక్కో కమాను విసురుకి మూడు నాలుగు తీగలు కలిసి పలకాలి. దానికి ముందున్న చిన్న భాగంలోనే తెలిసిపోయింది, తీగ దిగిపోయిందని. బిరడా మీదకి చెయ్యి వెళ్లింది కూడా. అంత నిశ్శబ్దంలో శ్రుతి చేస్తే అందరూ నన్నే చూస్తారని సిగ్గుపడి చెయ్యి తీసేశాను.

మొదటి స్వరగుచ్ఛమే అపశ్రుతి. పాడే ఆయన ఒక్కసారి నా వైపు చూసి, కళ్లు దించుకుని పాడాడు. ఆ పాటంతా అలాగే సాగింది. తర్వాత ఎవరూ ఒక్క మాట అనలేదు. పెట్టె భుజాన వేసుకుని రైన్ నది ఒడ్డున ఇంటికి నడిచాను. వంతెన మీద ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. అమ్మమ్మకి ఆ సంగతి ఎప్పుడూ రాయలేదు.

అందుకే చెబుతున్నాను తల్లీ, మధ్యలో ఆగి శ్రుతి చేసుకో. పాడేవాళ్లు ఆగుతారు, బృందాన్ని నడిపించే కండక్టర్ ఆగుతాడు. వీణకి 24 మెట్లు మైనంలో కదలకుండా ఉంటాయి. నీ గాంబాకి ఉన్నవి ఏడు, అవీ కట్టిన పేగు ముడులే, జరుగుతాయి. ప్రతి విరామంలో వాటిని వేలితో తడిమి చూడు.

కోప్పడ్డానని అనుకోకు. అమ్మమ్మ ఉంటే నీ వీడియో వీధిలో అందరికీ చూపించేది.

ఈ కవరులో రెండు పై తీగలు పెట్టాను. ఒకటి ఉత్తరం చదవగానే వేసెయ్. రెండోది పెట్టె మూతలో ఉంచు, కచేరీకి నేను వచ్చాక చూపించు.

నీ పెద్దమ్మ